డిటెక్టివ్ మంచ్ కనిపించినంత మాత్రాన ఎక్స్-ఫైల్స్ కల అయిపోదు

ఏ టీవీ సీరియల్ పాత్ర ఇంకే సీరియల్‌లో కనిపించిందో గీతలతో కలిపిన మీ చార్టులో ఎక్స్-ఫైల్స్ సీరియల్ కూడా, సెయింట్ ఎల్స్‌వేర్ అనే ఆసుపత్రి సీరియల్‌లోని పిల్లాడు టామీ వెస్ట్‌ఫాల్ కలలోకి వెళ్లిపోయిందని, దాన్ని ఎలా బయటకు తేవాలో తెలియడం లేదని రాశారు కదా. మీ లెక్క తప్పలేదు, బాణాల దిశే తప్పింది.

1988లో వచ్చిన సెయింట్ ఎల్స్‌వేర్ చివరి సీన్ మళ్లీ చూడండి. ఆటిజం ఉన్న టామీ మంచు కురిసే గాజుబుడ్డిలోకి కన్నార్పకుండా చూస్తుంటాడు, కూలిపని నుంచి వచ్చిన నాన్న దాన్ని తీసి టీవీ మీద పెడతాడు, లోపల బుల్లి ఆసుపత్రి. అంటే ఆ ఆసుపత్రి కథంతా వాడి ఊహ అనుకోవచ్చు, నాకూ ఆ అర్థమే నచ్చుతుంది.

కానీ ఆ సీరియల్ డాక్టర్ రాక్సాన్ టర్నర్ 1998లో హోమిసైడ్ అనే పోలీసు సీరియల్‌లో కనిపించింది, ఆ హోమిసైడ్‌లోని డిటెక్టివ్ మంచ్ 1997లోనే ఎక్స్-ఫైల్స్‌కి వెళ్లొచ్చాడు, కాబట్టి అన్నీ కలే అనడం మాత్రం కుదరదు. మన కలలో మేనమామ వస్తాడు, అంతమాత్రాన మేనమామ కల్పితం అయిపోడు కదా! టామీ ఊహలో బోస్టన్ నగరం కూడా ఉంది, మరి దాన్నేం చేస్తాం? ఆ డాక్టర్ నిజంగానే ఎక్కడో ఉండి, పిల్లాడు ఆమెను తన కథలో పెట్టుకున్నాడనుకుంటే చాలు, హోమిసైడ్ క్షేమంగా బయటే ఉంటుంది.

అందుకే చార్టులో రెండు రంగులు వాడండి. మనిషి ఒక షో నుంచి ఇంకో షోకి వెళ్తే నీలం, ఒక కథ ఇంకొకరి ఊహ అయితే ఎరుపు. ఎరుపు గీత గాజుబుడ్డి దగ్గర ఒక్కటే వస్తుంది, నీలం గీతల వెంట అది పాకదు. మంచ్ గీతలు మాత్రం చెరపకండి, ద వైర్ అనే సీరియల్‌లో బార్ దగ్గర కూర్చున్న ఆ కాసేపు కూడా, చార్టుకి ప్రాణం ఆయనే.