బెత్తం లేకుండా ఎల్‌కేజీ పిల్లల్ని దారిలో పెట్టడం ఎలాగ? నా అనుభవంలోంచి

చెల్లీ, నువ్వు రాసింది పూర్తిగా చదివాను. రాజాం దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో ఈ జూన్‌లో ఎల్‌కేజీకి చేరావు, 28 మంది పిల్లలు, చిన్న గది, ఒక బాబు పక్కవాళ్ళని కరుస్తున్నాడు, ముగ్గురు నలుగురు కూర్చోమంటే కూర్చోరు, సీనియర్ టీచర్లేమో చేతిలో బెత్తం కనబడకపోతే ఈ గుంటలు మాట వినరు అంటున్నారు, నీకేమో కొట్టబుద్ధి కావట్లేదు, ఏం చెయ్యాలి అని కదా. నేను పలాస వైపు అంగన్‌వాడీలో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను, దానికి ముందు ప్రైవేటు స్కూల్లో నర్సరీ కూడా చెప్పాను, రెండు రకాల గదులూ చూసినదాన్ని కాబట్టి రాస్తున్నా. పొడుగైపోతుంది, కొంచెం ఓపిగ్గా చదువు.

ముందు బెత్తం సంగతి తేల్చేద్దాం. వద్దు. నీ మనసు చెప్పిందే కరెక్టు. 2009 విద్యా హక్కు చట్టంలో 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు అని స్పష్టంగా చెప్తుంది. ఆ చట్టం ఆరేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ వాళ్ళకి, మనవాళ్ళు నాలుగేళ్ళోళ్ళు కదా అని ఎవరైనా అంటే 2015 జువైనల్ జస్టిస్ చట్టంలో 75వ సెక్షన్ ఉంది, అది 18 ఏళ్ళలోపు ఎవరికైనా వర్తిస్తుంది, తమ చేతుల్లో పెట్టిన పిల్లల్ని హింసిస్తే జైలు దాకా ఉంది. అయినా నేను చట్టం పేరు చెప్పి భయపెట్టడానికి రాయట్లేదు. ఎక్కడైనా బెత్తం వాడే క్లాసులో పిల్లలు టీచర్ ఆట ఆడుకుంటుంటే పక్కన నిలబడి చూడు, టీచర్ అయిన పిల్ల చేతిలోకి ముందు స్కేలు వస్తుంది, పుస్తకం తర్వాత వస్తుంది. వాళ్ళు మన దగ్గర నేర్చుకున్నది అది. ఆగు అని తనకి తాను చెప్పుకునే పని చేసేది మెదడులో నుదుటి వెనకున్న భాగం, అది పాతికేళ్ళ దాకా ఎదుగుతూనే ఉంటుంది అంటారు డాక్టర్లు, మరి నాలుగేళ్ళ బుజ్జోడు ఒక్కసారి చెప్తే ఆగిపోవాలి అనుకోవడం న్యాయం కాదు కదా.

ఇప్పుడు అసలు విషయం. గది అంతా అల్లరే అన్నావు, కానీ జాగ్రత్తగా చూస్తే రోజంతా ఒకేలా ఉండదు. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని గొడవ జరిగిన ప్రతిసారీ టైం ఎంత, గదిలో ఏ మూల, దానికి ఒక్క నిమిషం ముందు ఏం జరుగుతోంది అన్నది రాయి, ఎవరు చేశారన్నది ఆఖర్న రాయి. వారం తిరిగేసరికి గొడవలన్నీ ఓ నాలుగైదు చోట్లే పోగుపడి ఉన్నాయని నీకే కనబడుతుంది. నేను చూసినంతలో ఈ వయసు పిల్లల అల్లరి చాలావరకు ఊరికే కూర్చోమన్నప్పుడే మొదలవుతుంది. మనం హాజరు వేస్తుంటే వాళ్ళు చేతులు కట్టుకోవాలి, మనం డైరీల్లో హోంవర్క్ రాస్తుంటే నోటి మీద వేలేసుకోవాలి, బాత్రూంకి లైను, క్యారేజీలకి లైను, ఆటో ఎక్కడానికి లైను. ఆ ఖాళీ టైం తగ్గిస్తే సగం సమస్య తీరిపోతుంది, మిగతా సగానికే మన ఓపిక కావాలి.

మా సెంటర్ సంగతే చెప్తా. అన్నం ముందు చేతులు కడుక్కునే చోట రోజూ కొట్లాటే. ఉన్నది ఒకటే కుళాయి. ముందున్నోడు నీళ్ళతో ఆడతాడు, వెనకున్నోడు తోస్తాడు, మధ్యలో ఉన్న పిల్ల జడ ఎవడో లాగుతాడు, ఆ పిల్ల వెనక్కి తిరిగి ఎదురుగా ఎవరుంటే వాళ్ళని గిల్లేస్తుంది, లోపల్నుంచి ఉడికిన గుడ్ల వాసన వస్తూ ఉంటుంది, అందరికీ ఆకలి, ఆయా గొంతు చించుకుని అరవడం. మేం ఆ లైనే తీసేశాం. అరుగు మీద రెండు బకెట్లు, రెండు మగ్గులు పెట్టి ఆయా అక్కడ కూర్చుంటుంది, నేను లోపల మిగతావాళ్ళతో చెమ్మచెక్కో పొడుపుకథలో ఏదో ఒకటి నడిపిస్తూ నలుగురు నలుగురిని పంపిస్తాను. పంపించడం కూడా ఒక ఆటే, ఎర్ర చొక్కా వేసుకున్నోళ్ళు వెళ్ళండి, ఇంట్లో మేక ఉన్నోళ్ళు వెళ్ళండి అంటుంటే తమ వంతు ఎప్పుడొస్తుందా అని చెవులు నిక్కబొడుచుకుని వింటారు (మీకు యూనిఫాం కాబట్టి చొక్కా రంగు కుదరదు, పేరులో మొదటి అక్షరం చెప్పు, అక్షరాలూ వస్తాయి). తోపులాట అసలే లేదని చెప్పను గానీ ఏడుస్తూ అన్నానికి కూర్చునే పిల్ల ఇప్పుడు లేదు.

గది కూడా ఒకసారి చూసుకో. ఈ గోడ నుంచి ఆ గోడకి తిన్నగా ఖాళీ దారి ఉంటే పరిగెత్తి తీరతారు, అందులో తప్పేం లేదు, బెంచీలో చాపలో అడ్డంగా సర్దితే ఆ దారి మాయమైపోతుంది. మీ స్కూల్లో బయట కొంచెం జాగా ఉంటే పొద్దున్న వచ్చీ రాగానే పది నిమిషాలు గెంతించి తీసుకురా, ఆ తర్వాత కూర్చోబెట్టు.

ఇప్పుడు ఆ కరిచే బాబు. చాలామంది చేసే పని ఏంటంటే కరిచినోడి మీదకి ఎగిరిపడతారు, దెబ్బ తగిలిన పిల్లని ఎవరూ పట్టించుకోరు, వాడికేమో గది మొత్తం తన వైపు తిరిగినట్టు ఉంటుంది. నువ్వు ముందు దెబ్బ తగిలిన పిల్ల దగ్గరికి వెళ్ళు, సబ్బు నీళ్ళతో కడుగు, చర్మం తెగితే ఆ రోజే డాక్టర్‌కి చూపించమని ఇంటికి కబురు పెట్టు. ఆ బాబుని పక్కనే ఉంచుకో, వాడి ఎత్తుకి వంగి కూర్చుని తక్కువ గొంతుతో, నొప్పి పెట్టింది, కరవడం వద్దు, నీకు ఆ బొమ్మ కావాలా, అయితే "నాకియ్యి" అని అడుగు, అని చెప్పి అక్కడికక్కడే ఆ మాట వాడి నోటితో అనిపించు. అంతే, లెక్చర్ వద్దు. నువ్వు కూడా కరిచి చూపించు అప్పుడు తెలుస్తుంది అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు, వినకు. ఇంతకంటే ముఖ్యం ఏంటంటే కరవకముందు పట్టుకోవడం, మా దగ్గర ఒక పిల్లాడు కరిచే ముందు పళ్ళు బిగించి ఎదుటివాళ్ళ చొక్కా గుప్పిట్లో పట్టుకునేవాడు, అది కనిపెట్టాక ఆ చెయ్యి మీద నా చెయ్యి వేసి "ఏటి కావాలమ్మా నీకు" అని అడిగితే చాలు, సగంసార్లు అక్కడే ఆగిపోయేది. మీవాడికి కూడా ఇలాంటి గుర్తు ఏదో ఒకటి ఉంటుంది, వెతుకు. కోపం వచ్చినోడి చేతికి తడి బంకమట్టి ముద్ద ఇచ్చినా బాగా పనిచేస్తుంది, పిసికి పిసికి వాడే చల్లబడతాడు. పలాస వాళ్ళం కాబట్టి ఇంకోమాట చెప్పాలి, జీడిపిక్కలు చవగ్గా దొరుకుతాయి కదా అని లెక్కపెట్టుకోవడానికి పిల్లల చేతికి ఇవ్వొద్దు, పచ్చిపిక్క పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది.

బొమ్మల దగ్గర ఇంకో సలహా. 1939లో మద్రాసు అడయారు వచ్చిన ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి గారి పద్ధతిలో ఒక్కో వస్తువు గదిలో ఒక్కటే పెడతారు, తన వంతు వచ్చేదాకా ఆగడం అలవాటు అవుతుందని. నాకు ఆ పద్ధతంటే చాలా గౌరవం, కానీ జూన్‌లో ఇంటి నుంచి కొత్తగా వచ్చిన మూడేళ్ళ, నాలుగేళ్ళ పిల్లలకి అది మొదటిరోజు నుంచే పెడితే కష్టం. అందరూ ఎగబడే బొమ్మలు రెండేసి పెట్టు, దసరా దాటాక నెమ్మదిగా ఒక్కటి చెయ్యి.

మాట చెప్పే తీరు గురించి. పరిగెత్తకు అంటే పరిగెత్తు అన్నదే వాడి చెవిలో పడుతుంది, నడుచుకుంటూ రా అను. అరవకు అనే బదులు నాకు మాత్రమే వినబడేలా చెప్పు అను. గది అవతలి మూల నుంచి కేకెయ్యకు, దగ్గరకెళ్ళి పేరు పెట్టి పిలిచి చెప్పు. ఆట ఆపించాలంటే హఠాత్తుగా ఆపించకు, ఇంకో రెండుసార్లు ఆడుకుని తీసేద్దాం అని ముందే చెప్పు, నిమిషాలు వాళ్ళకి తెలీవు, రెండుసార్లు అంటే తెలుస్తుంది. ఇంక పోలీసొస్తాడు, బూచోడొస్తాడు, సూది వేయిస్తా, ఇవి మాత్రం అస్సలు వద్దు, రేపు నిజంగా సూది వెయ్యడానికి ఏఎన్ఎం నర్సమ్మ వచ్చిన రోజు ఆ పిల్లని పట్టుకోలేక మనమే ఏడవాలి.

మాట వినట్లేదు అనుకునే ముందు మాట వినబడుతోందా, అర్థమవుతోందా అన్నది కూడా చూడాలి. మందస, ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలు చాలామంది, సీతంపేట కొండల నుంచి వచ్చిన పిల్లలు కొందరికి ఇంటి భాష సవర. మా దగ్గరకి ఒక పాప వచ్చింది, కూర్చో అంటే నిలబడేది, రా అంటే అక్కడే ఉండేది, మొండి అన్నారు అందరూ. ఇంట్లో ఒడియా అని వాళ్ళ అమ్మ చెప్పాక "బొసొ" అంటే కూర్చో, "ఆసొ" అంటే రా, "పాణి" అంటే నీళ్ళు, ఈ మూడు ముక్కలు నేను నేర్చుకుని, నోటితో అంటూ చేత్తో కూడా చూపించేదాన్ని, వారంలో ఆ పాప నా కొంగు వదిలేది కాదు. అలాగే చెవిలో చీము కారే పిల్లలకి సరిగ్గా వినబడదు, వెనక నుంచి పేరు పెట్టి పిలిచి చూడు. మాటలు బాగా వెనకబడి ఉండి, కళ్ళలోకి చూడకుండా, ఎన్ని నెలలైనా అలాగే కరుస్తూ ఉంటే మాత్రం ఆలస్యం చెయ్యకు, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇలాంటి పిల్లల్ని చూడ్డానికి జిల్లాస్థాయిలో సెంటర్లు పెట్టారు, పీహెచ్‌సీలో అడిగితే పంపిస్తారు. తల్లిదండ్రులకి చెప్పేటప్పుడు జబ్బు పేర్లు మనం పెట్టొద్దు, నేను చూసింది ఇది, ఒకసారి డాక్టర్‌కి చూపిద్దాం అని మాత్రం చెప్పు.

స్టార్లు ఇవ్వొచ్చా, చాక్లెట్లు ఇవ్వొచ్చా అని కూడా అడిగావు. 1973లో అమెరికాలో లెపర్, గ్రీన్, నిస్బెట్ అని ముగ్గురు స్టాన్‌ఫర్డ్‌లో నర్సరీ పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు, బొమ్మలు గీయడం బాగా ఇష్టపడే పిల్లలకి గీస్తే సర్టిఫికెట్ ఇస్తాం అని ముందే చెప్పి ఇచ్చారు, తర్వాత చూస్తే ఆ పిల్లలకి గీయడం మీద ఆసక్తి తగ్గిపోయింది. చెప్పకుండా ఇచ్చినవాళ్ళకి అలా కాలేదు. నేను కూడా అదే గమనించాను, స్టారు ఇస్తానంటేనే చాప మడతపెట్టే రోజు వచ్చేస్తుంది. దానికంటే, చాప చివరలు రెండూ కలిపి ఎంత బాగా మడిచావురా, అని చేసిన పనిని చూసినట్టు చెప్తే చాలు, వాడు రేపు నీకంటే ముందొచ్చి చాప దగ్గర నిలబడతాడు.

సీనియర్లతో వాదన పెట్టుకోకు. ఒక్క పదిహేను రోజులు నా పద్ధతిలో చూస్తాను మేడమ్ అని అడుగు, నోట్‌బుక్ చూపించు, కాదనరు.

ఇంటి సంగతి చివర్లో రాస్తున్నా గానీ చాలా పెద్ద సంగతి. మన జిల్లాల్లో ఎంతమంది తల్లిదండ్రులు హైదరాబాద్, విజయవాడ, చెన్నై బిల్డింగ్ పనులకి వెళ్ళిపోయి పిల్లల్ని నానమ్మల దగ్గరో అమ్మమ్మల దగ్గరో వదిలేస్తారో నీకు తెలుసు. ఆ ముసలమ్మలు మన దగ్గరకొచ్చి "కళ్ళొదిలేసి తోలు వలిచెయ్యండి టీచరమ్మా, మీరేటన్నా నేనేటీ అనుకోను" అంటారు. వాళ్ళ మీద కోపం తెచ్చుకోకు, వాళ్ళకి ఓపిక లేదు, మోకాళ్ళ నొప్పులతో నాలుగేళ్ళ గుంటడి వెనకాల పరిగెత్తలేరు. కొట్టక్కర్లేదు పెద్దమ్మా, ఇదిగో ఈ రోజు వీడు పక్కపిల్లకి నీళ్ళ బాటిల్ మూత తీసిచ్చాడు, అని ఒక్క మంచి ముక్క చెప్పి పంపించు. ఆవిడ అది ఫోన్‌లో వాళ్ళమ్మకి చెప్తుంది, ఆ పిల్లాడు పక్కనుండి వింటాడు. ఆ కరిచే బాబు అమ్మానాన్నలు ఊళ్ళో ఉన్నారో లేదో కనుక్కో, రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నాడో, పొద్దున్న ఏమైనా తిని వస్తున్నాడో కూడా అడుగు.

సంక్రాంతికి వాళ్ళంతా ఊరికొస్తారు, పది రోజులు పిల్లలకి పండగే పండగ, కనుమ దాటాక బస్సులెక్కి వెళ్ళిపోతారు. ఆ తర్వాత వారం నీ క్లాసులో ఏడుపులు, గిల్లడాలు, నిద్రలో ఉలిక్కిపడడాలు, కరవడం మానేసిన పిల్లాడు మళ్ళీ మొదలెట్టడం అన్నీ ఉంటాయి, కంగారు పడకు. ఆ వారం కొత్త అక్షరాలు మొదలెట్టొద్దు, పరీక్షలు పెట్టొద్దు, మట్టి, నీళ్ళు, కథలు ఎక్కువ పెట్టుకో, ఆ విషయం ఇప్పుడే మీ హెచ్ఎం గారితో మాట్లాడి సిలబస్‌లో ఆ వారం ఖాళీ ఉంచుకో.