కుర్చీ తర్వాత, ముందు క్లాసు

ప్రశ్న: మా చెల్లికి 26 ఏళ్లు. డాబా మీంచి పడి వెన్నుపూస దెబ్బతింది. మూడేళ్లుగా వీల్‌చైర్‌లోనే ఉంటోంది. పారా అథ్లెట్ దీపా మాలిక్ గారి గురించి చదివినప్పటి నుంచి జావెలిన్ వేస్తానంటోంది. స్పోర్ట్స్ వీల్‌చైర్ కొనాలా? వయసు దాటిపోలేదా?
– ఒక అక్క, తెనాలి

జవాబు: వీల్‌చైర్ కొనకండమ్మా. నాలాంటి పారా అథ్లెట్లం విసిరేది చక్రాల్లేని ఇనప ఫ్రేమ్ మీద కూర్చుని. కుషన్‌తో కలిపి సీటు ఎత్తు 75 సెంటీమీటర్లు దాటకూడదు. రెండో చేత్తో పట్టుకోవడానికి నిలువు రాడ్ పెట్టుకోవచ్చు కానీ అది వంగకూడదు. నా ఫ్రేమ్ వెల్డింగ్ షాపులో చేయించుకున్నదే.

అదైనా ఇప్పుడే వద్దు. ముందు చెల్లి ఏ క్లాసో, అంటే ఒంట్లో కదలికని బట్టి ఏ పోటీ వర్గమో తేలాలి. కూర్చుని విసిరేవాళ్లకి ఎఫ్51 నుంచి 57 వరకు ఉంటాయి. నంబరు పెరిగేకొద్దీ ఒంట్లో పట్టు ఎక్కువున్నట్టు. నాది పోలియో, ఎఫ్57. నడుం తిప్పి విసరగలను. దీపా గారికి 1999లో వెన్నులో కణితికి ఆపరేషన్ అయ్యాక ఛాతీ కింద కదలిక లేదు. ఆవిడది ఎఫ్53, బలమంతా భుజాలదే.

జావెలినే అని పట్టుబట్టొద్దని కూడా చెప్పండి. 2014 ఇంచియాన్ ఆసియా పారా క్రీడల్లో దీపా గారి రజతం జావెలిన్‌లోనే. 2016 రియోలో ఆవిడ క్లాసుకి జావెలిన్ పోటీ లేదు. షాట్‌పుట్‌కి మారి, 4.61 మీటర్లు వేసి రజతం తెచ్చారు. పారాలింపిక్స్‌లో పతకం గెలిచిన తొలి భారత మహిళ ఆవిడే. స్వర్ణం 4.76కి వెళ్లింది, తేడా జానెడు కూడా లేదు! అప్పటికి ఆవిడకి 45 ఏళ్లు. ఇక 26 గురించి టెన్షన్ ఎందుకు?

నేను నేర్చుకున్నదంతా మమ్మల్ని ఫ్రేమ్‌కి కట్టే బెల్టుల దగ్గరే. మొదటి పోటీలో పొద్దున తిన్న ఉప్మా బరువుగా ఉందని తొడల బెల్టు ఒక రంధ్రం వదులు చేశాను. ఆ రోజు డిస్కస్‌లో నా అన్నిటికన్నా మంచి త్రో పడింది. కానీ విసిరే ఊపులో సీటు మీంచి లేచానని, ఆ త్రో చెల్లదంటూ ఎర్ర జెండా ఎత్తారు. డిస్కస్ నేలని తాకేదాకా సీటు వదలకూడదు మరి. ఉప్మా ఇప్పటికీ తింటాను, పోటీ రోజు మాత్రం కాదు.

డాక్టరు సరే అన్నాక తేలికపాటి బంతితో మొదలుపెట్టించండి. రాష్ట్ర పారా అథ్లెటిక్స్ సంఘంలో క్లాసు పరీక్ష గురించి అడగండి. ఇంకొకటి, దీన్ని చాలామంది చెప్పరు. స్పర్శ లేని చోట ఒరుసుకున్నా తెలియదు. ప్రాక్టీసు అయ్యాక రోజూ వెనకభాగం మీరే చూడండి. ఎర్రబడితే, అది తగ్గేదాకా ఫ్రేమ్ ఎక్కనివ్వకండి, ఎంత ఏడ్చినా సరే.