గుర్రాల్ని ఎవరు పట్టుకున్నారు?

తమ్ముడూ,

నీ నవలలో మొదటి ఆరు అధ్యాయాలు చదివాను. ఎక్కడా లేని ఒక దళాన్ని ఊహించి, దానికి మన దక్కన్ నేలనూ ఎండనూ ఇచ్చావు. చాలా సంతోషమేసింది. కానీ నాలుగో అధ్యాయంలో ఆగిపోయాను. 120 మంది గుర్రాల మీద వాగు దాకా వచ్చారు, దిగారు, 120 తుపాకులూ ఒక్కసారే పేలాయి అని రాశావు. మరి గుర్రాల్ని ఎవరు పట్టుకున్నారు?

రిసాలాల, అంటే గుర్రపు రౌతుల దళాల, కథలు విని రెండు రకాల దళాల్ని కలిపేశావనిపిస్తోంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918లో, ఇప్పటి ఇజ్రాయెల్‌లోని హైఫా మీదికి జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లు బల్లేలతో గుర్రాల మీదే దూకారు. మన హైదరాబాద్ లాన్సర్లదీ అదే బ్రిగేడ్. అది అశ్వదళం. నువ్వు రాసే దళానికి గుర్రం ప్రయాణానికే, పోరాటమంతా నేల మీద. దక్షిణాఫ్రికాలో 1899లో మొదలైన బోయర్ యుద్ధంలో బ్రిటిష్ వాళ్లు ఇలాంటి దళాల్ని బాగా వాడారు. నలుగురు ఒక జట్టు. దిగగానే ముగ్గురు ముందుకెళ్తారు, నాలుగోవాడు నాలుగు గుర్రాల్నీ పట్టుకుని వెనక ఉండిపోతాడు. అంటే నీ 120 మందిలో కాల్చేది 90 మందే.

ఈ లెక్క దిద్ది ఊరుకోకు. ఆ మిగిలిన 30 మందిలోనే నీ కథ ఉంది.

ఒకసారి పాతబస్తీలో బరాత్ కోసం తెచ్చిన రెండు గుర్రాల్ని ఒక కుర్రాడు పట్టుకుని ఉంటే చూశాను. టపాకాయ పేలింది. ఒక గుర్రం చెవులు వెనక్కి వాల్చింది, రెండోది అతని పాదం పక్కనే కాలు దించింది. అతను కదల్లేదు, పగ్గం గట్టిగా లాగలేదు, ఏదో గొణుగుతూ మెడ నిమిరాడు. పగ్గం మాత్రం చేతికి చుట్టుకోలేదు. ఎందుకని అడిగితే, "బెదిరిందంటే వేళ్లు పోతాయి సార్" అన్నాడు. నీ నాలుగోవాడికి అలాంటివి నాలుగు, పైగా పేలేవి తుపాకులు.

ఇంకో మాట. దక్కన్ రిసాలాల్లో సిలేదారీ పద్ధతి ఉండేది, గుర్రం రౌతు సొంతం. దాన్ని నీ దళానికి పెట్టి చూడు. అప్పుడు ఆ నాలుగోవాడి చేతిలో ఉన్నవి మరో మూడు ఇళ్ల బతుకుదెరువులు కూడా. వాటిలో ఒక్కటి తప్పించుకుపోతే సాయంత్రం ఆ మనిషి ముఖం ఎలా చూస్తాడు?

జమేదారు, దఫేదారు అంటూ రెండు పేజీలు నింపిన హోదాల పట్టిక తీసెయ్. దానికి బదులు ఉలవల బస్తాలు ఎవరు మోస్తారో, ఊడిన లాడం రాత్రి ఎవరు కొడతారో చెప్పు. ఒక్కో గుర్రానికి రోజుకు 30 లీటర్ల నీళ్లనుకున్నా నీ దళానికి 3600 లీటర్లు. మే నెలలో అన్ని నీళ్లు ఏ చెరువులో ఉన్నాయో తెలిస్తే దళం ఏ దారిన పోవాలో నీకే తెలుస్తుంది.

ఆదివారం పొద్దున్నే మలక్‌పేటకు రా. రేసుకోర్సు వైపు వెళ్లి, గుర్రాల్ని చూసుకునేవాళ్లు ఎవరైనా కలిస్తే కాసేపు మాట్లాడదాం. నోట్‌బుక్ తెచ్చుకో.

మీ అన్న
హైదరాబాద్