వొలార్ లెక్కల పుస్తకాలు తెరిచే ముందు

చిరంజీవి బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నీ పారిస్ ప్రయాణం ఖాయమైందని, పాతకాలపు బొమ్మల వ్యాపారి ఆంబ్రువాజ్ వొలార్ కాగితాల మీద పని చేయబోతున్నావని నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. ఆ చలికి నీకు దగ్గు పట్టుకుంటుందేమోనని దాని టెన్షన్. నా టెన్షన్ వేరు. ఆయన రాసుకున్న జ్ఞాపకాలు ముందు చదివేసి, ఆ మత్తు దిగకుండానే కాగితాలు తెరుస్తావేమోనని.

ఆ జ్ఞాపకాలు రుచిగా ఉంటాయి, కాదనను. చిత్రకారుడు సెజాన్ వొలార్ బొమ్మ వేయడానికి ఆయన్ని 115 సార్లు కూర్చోబెట్టాడట. కాస్త కదిలితే, ఆపిల్ పండు కదులుతుందా అని కసిరాడట. ఇంతా చేసి, చొక్కా ముందుభాగం మాత్రం ఫర్వాలేదన్నాడట. 1899 నాటి ఆ బొమ్మ పెతీ పలే మ్యూజియంలో ఉంది, వెళ్లగానే చూడు. మరి ఆ 115 లెక్క పెట్టిందెవరు? వొలారే. కథ చెప్పడం తెలిసిన వ్యాపారి. వ్యాపారి నోటికీ అతని చిట్టాకీ ఎంత దూరం ఉంటుందో మీ తాతయ్యకు బాగా తెలుసు. రామచంద్రపురంలో బట్టల కొట్టులో ముప్పై ఏళ్లు లెక్కలు రాశారు కదా. సెలవుల్లో ఆయన పక్కన చాప మీద కూర్చుని, రోజువారీ చిట్టాలోంచి ఆవర్జాలోకి, అంటే ఖాతాల పుస్తకంలోకి, పద్దులు ఎక్కించేదాన్ని. పారిస్‌లో ఇవే కాగితాలతో కుస్తీ పట్టినప్పుడు నాకు అక్కరకొచ్చిన చదువు అది. ఎం.ఏ. పట్టా ట్రంకుపెట్టెలోనే ఉంది.

అందుకే ఉత్తరాల జోలికి ముందు పోవద్దు. అవి ఊరిస్తాయి. సెజాన్, గోగాన్, రెన్వార్ లాంటి చిత్రకారుల పేర్లు కనబడితే చేతులు ఆగవు. అయినా ముందు లెక్కల పుస్తకాలు చదువు. ఫ్రెంచ్ జాతీయ మ్యూజియంల దగ్గరికి చేరిన ఆ కట్టల్లో రోజువారీ జమాఖర్చులు, బొమ్మలకు వరుస నంబర్లు వేసిన సరుకు పుస్తకాలు, డైరీలు, ఫొటోలు ఉంటాయి. జమాఖర్చులు 1894 నుంచి మొదలు. హిందూ మహాసముద్రంలోని ఫ్రెంచ్ దీవి రీయూనియన్‌లో 1866లో నోటరీ ఇంట పుట్టి, లా చదవడానికి ఫ్రాన్స్ వచ్చి, 1893లో లఫీత్ వీధిలో కొట్టు పెట్టిన కుర్రాడు, రెండేళ్లకే సెజాన్ బొమ్మలు ఓ 150 దాకా చూపించగలిగాడు. అదెలాగో ఆ పుస్తకాలే చెప్పాలి.

మొదటి వారం ఏమీ రాయకు. అంకెలతో చెయ్యి కుదుర్చుకో, చాలు. వాళ్ల 1 మన కంటికి 7 లాగా ఉంటుంది. 7కి నడుమ అడ్డగీత ఉంటుంది. నెలల దగ్గర ఇంకో గుంట ఉంది. పాత ఫ్రెంచ్ రాతలో 7 వేసి పక్కన ‘బ్ర్’ అని గిలికితే అది జూలై కాదు, సెప్టెంబరు. 8 అయితే అక్టోబరు, 9 అయితే నవంబరు. పది అని రోమన్ అంకె వేస్తే డిసెంబరు. లాటిన్ లెక్క అది, ‘సెప్టెమ్’ అంటే ఏడు. ఈ సంగతి తెలియక నేను నెల రోజుల పాటు శరదృతువు అమ్మకాలన్నీ ఎండాకాలంలోకి తోసేశాను.

ఇక నా అసలు బోల్తా చెప్తాను, నవ్వుకో. సరుకు పుస్తకంలో ‘ఆపిల్ పళ్లు’ అని ఒక పద్దు. ధర ఉంది, తేదీ ఉంది. పెద్ద మ్యూజియంలో ఉన్న ఒక సెజాన్ బొమ్మ అదేనని మనసులో ఖాయం చేసుకుని, ఓ అధ్యాయమంతా దాని మీద కట్టేశాను. సెజాన్ జీవితమంతా వేసినవి ఆపిల్ పళ్లే కదా! ఒకరోజు మా థీసిస్ గైడు వచ్చి, కొలత చూశావా అని ఒక్క మాట అన్నారు. చూడలేదు. ఫ్రెంచ్ కాన్వాసులకు నంబర్లు ఉంటాయి. 30 నంబరు అంటే మనిషి బొమ్మల వరుసలో 92×73 సెంటీమీటర్లు, ప్రకృతి దృశ్యాల వరుసలో 92×65. ఎత్తు సరిపోయిందని సంబరపడకు, రెండో కొలతా చూడాలి. నా పద్దులోని బొమ్మ, మ్యూజియం బొమ్మలో సగం కూడా లేదు. ఆరు నెలల పని చెత్తబుట్టలో పడింది. అప్పటి నుంచి నా నియమం ఒకటే. సరుకు నంబరు, కొలత, ఫొటో, ఈ మూడింటిలో కనీసం రెండు కలవకపోతే అది ఇదే అని రాయను. బొమ్మ వెనక అతికించిన చీటీ గానీ, వేసిన నంబరు గానీ దొరికితే పండగే. అందుకే మ్యూజియం వాళ్లను బొమ్మ ముందువైపు ఫొటో కాదు, వెనకవైపు ఫొటో అడుగు.

పేర్ల విషయంలో కూడా జాగ్రత్త. డబ్బు సంగతులు చాలావరకు సెజాన్ కొడుకే చూసుకునేవాడు. తండ్రి పేరూ పోల్ సెజానే, కొడుకు పేరూ పోల్ సెజానే. పద్దులో ఆ పేరు చూసి ముసలాయన కొట్టుకొచ్చి నోట్లు లెక్కపెట్టుకున్నట్టు ఊహించకు.

లెక్కల పుస్తకం నిజం చెప్తుంది కానీ అన్నీ చెప్పదు. డబ్బు చేతులు మారితేనే జమాఖర్చులకెక్కుతుంది. డెగా లాంటి చిత్రకారులు తమ బొమ్మ ఇచ్చి వొలార్ దగ్గర ఇంకొకరి బొమ్మ తీసుకుపోయేవారు. అలాంటి మారకాలు నగదు పుస్తకంలో కనిపించవు. ఉత్తరాలు తెరవాల్సింది అప్పుడు. గోగాన్‌తో 1900లో కుదిరిన ఏర్పాటు చూడు. నెలకు 300 ఫ్రాంకులు పంపితే, అతను అక్కడి నుంచి బొమ్మలు పంపాలి. కానీ ఆ ‘అక్కడ’ పసిఫిక్ మహాసముద్రం నడుమ. ఉత్తరం ఓడలో చేరడానికి నెలలు పట్టేది. డబ్బు రాలేదని అతను తిట్టిన రోజుకి ఇక్కడ డబ్బు పంపేసి ఉండవచ్చు. కాబట్టి రాసిన తేదీ ఒక గడిలో, చేరిన తేదీ ఇంకో గడిలో వేసుకో. 1903 మే నెలలో గోగాన్ పోతే, ఆ కబురు పారిస్ చేరింది ఆగస్టులో.

వొలార్‌ని పిసినారి అనీ, కళాకారుల రక్తం పీల్చాడనీ అనేవాళ్లు చాలామంది తగులుతారు. 1906లో పికాసో దగ్గర రెండు వేల ఫ్రాంకులకు ఇరవై బొమ్మలు కొన్నాడు. ఇవాళ్టి వేలం ధరలు తలుచుకుంటే గుండె ఆగుతుంది. కానీ ఆ రోజు పికాసోకు బాడుగ కట్టే డబ్బులే కరువు. తీర్పులు నెమ్మదిగా ఇద్దువు గానీ. నా మట్టుకు నాకు ఆయన మంచివాడూ కాదు, దొంగా కాదు, ఓపిక ఉన్న వ్యాపారి. కొన్నది వెంటనే అమ్మడు, ఏళ్ల తరబడి గోడకు ఆనించి ఉంచుతాడు.

1939 దగ్గర మాత్రం బాగా ఆగు. ఆ జూలైలో వొలార్ కారు ప్రమాదంలో పోయాడు. రెండు నెలలు తిరక్కుండా యుద్ధం. తోబుట్టువుల పంపకాలు, మధ్యలో దూరిన వ్యాపారులు. ఆయన బొమ్మలు కొన్ని 1940లో ఎక్స్‌కాలిబర్ అనే ఓడలో అమెరికా బయల్దేరితే, బ్రిటిష్ వాళ్లు బెర్ముడాలో పట్టుకున్నారు. ఆ పెట్టెలు ఒట్టావాలో కెనడా జాతీయ గ్యాలరీలో 1949 దాకా ఉండిపోయాయి. ఇంకొన్నిటిని ఎరిక్ ష్లోమోవిచ్ అనే యూదు యువకుడు పారిస్ బ్యాంకు లాకర్లో పెట్టి యుగోస్లావియా వెళ్లాడు. నాజీల చేతిలో చనిపోయాడు. లాకరు తెరిచింది 1979లో. ఇవేవీ వొలార్ తన చేత్తో రాసిన పుస్తకాల్లో దొరకవు. 1939 నుంచి 1945 దాకా ఒక బొమ్మ ఎవరి దగ్గరుందో తెలియకపోతే ఖాళీ వదిలి, ఖాళీ అని రాయి. ‘బహుశా’ అంటూ పూడ్చవద్దు. ఆ ఖాళీలో ఎవరిదో ఇల్లు నాజీల దోపిడీకి గురై ఉండవచ్చు.

చిన్న సంగతులు. పెన్ను వద్దు, పెన్సిలే. అసలు కాగితానికి బదులు మైక్రోఫిల్మో స్కానో చేతిలో పెడితే మొహం మాడ్చుకోకు. ఫొటో తీసిన ప్రతిసారీ కట్ట నంబరు రాసిన చీటీ పక్కన పెట్టి తీయి. ఖాళీ పేజీలు కూడా నోట్ చేసుకో. కాగితాల వరుస తప్పుగా అనిపించినా నువ్వు సర్దకు, అక్కడివాళ్లకు చెప్పు.

అన్నట్టు, వొలార్ లఫీత్ వీధి కొట్టు కింద నేలమాళిగలో స్నేహితులకు విందులిచ్చేవాడు. వడ్డించేది తన దీవి కోడికూర, దాని పేరు ‘కారి’. 1828లోనే మన పక్కనున్న యానాం నుంచి తెలుగు కూలీలు ఆ దీవికి ఓడెక్కారు. ఆ కూరలో మనవాళ్ల చెయ్యి ఉందేమోనని నాకో పిచ్చి ఊహ. థీసిస్‌లో పెట్టకు, మీ అమ్మకు చెప్పు, సంతోషిస్తుంది.

అంతుపట్టని పద్దు ఏదైనా తగిలితే వాట్సాప్‌లో పెట్టు. మన టైము రాత్రి తొమ్మిదిలోపే పెట్టాలి, ఆ తర్వాత కళ్లలో చుక్కలు వేసుకుంటాను, 1 ఏదో 7 ఏదో నాకూ తెలియదు.

ఇట్లు
పెద్దమ్మ