రూపాన్ని బట్టి మనుషుల్ని వెలివేసే సమాజం గురించిన డిస్టోపియా కథల్లో, అంటే పీడకలలాంటి లోకాన్ని ఊహించి రాసిన కథల్లో, మీకు బాగా నిజమనిపించింది ఏది?

నాకైతే 1960లో అమెరికన్ టీవీలో వచ్చిన ఒక ఎపిసోడ్. 'ది ట్విలైట్ జోన్' సిరీస్‌లో రాడ్ సెర్లింగ్ రాసిన 'ఐ ఆఫ్ ది బిహోల్డర్'. సినిమా కాదు, పాతిక నిమిషాల కథ. ముగింపు చెప్పేస్తున్నాను, చూడాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆగండి.

జానెట్ టైలర్ ముఖం నిండా కట్లతో ఆస్పత్రిలో ఉంటుంది. ముఖం బాగు చెయ్యడానికి ఇది పదకొండో ప్రయత్నం, ప్రభుత్వం ఇచ్చే ఆఖరి అవకాశం కూడా. ఇదీ కుదరకపోతే ఆమెలాంటి వాళ్ళుండే ఊరికి పంపేస్తారు. తీరా కట్లు విప్పితే చక్కని అమ్మాయి! అప్పటిదాకా నీడలో దాచిన డాక్టర్లవీ నర్సులవీ పంది మూతులు.

అందరూ ఆ మలుపు గురించే చెప్తారు. నన్ను పట్టుకున్నది మాత్రం ఆ డాక్టరు గొంతు. ఎంత మెత్తగా మాట్లాడతాడో.

నాకు పంతొమ్మిదో ఏట పెదవి చివర తెల్లమచ్చ వచ్చింది. ఏడాది తిరిగేసరికి వేళ్ళ మీదా వచ్చాయి. బొల్లి. అది అంటుకునేది కాదు. చర్మానికి రంగునిచ్చే కణాల్ని ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే దెబ్బతీస్తుంది, అంతే. చేపలు తిని పాలు తాగితే వస్తుందని మా వీధిలో ఒకావిడ తేల్చేసింది. మేం చేపలు ముట్టం, ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

బాబాయి కూతురి పెళ్ళిలో వడ్డించడానికి సాంబారు బకెట్ అందుకున్నాను. నాలుగు విస్తళ్ళు దాటానో లేదో, పెద్దమ్మ వచ్చి "పొద్దుట్నుంచి తిరుగుతూనే ఉన్నావు, కాసేపు కూర్చో నాన్నా" అని గరిటె, బకెట్ రెండూ తీసేసుకుంది. మా తమ్ముడు కూడా పొద్దుట్నుంచి తిరుగుతూనే ఉన్నాడు. వాడి చేతిలో అన్నం బేసిన్ అలాగే ఉంది. పెద్దమ్మకి నేనంటే ప్రాణం, ఇప్పటికీ తిన్నావా అని ఫోన్ చేస్తుంది. తిట్టి ఉంటే తిరిగి ఏదో ఒకటి అనేవాణ్ణి. ఆ మాటకి ఏం జవాబు చెప్పను? వెళ్ళి కుర్చీలో కూర్చుని చెయ్యి జేబులో పెట్టుకున్నాను.

ఆ ఎపిసోడ్ చివర్లో కూడా జానెట్‌ని ఎవరూ ఈడ్చుకెళ్ళరు. ఆమెలాంటివాడే ఒక అందగాడు వచ్చి, మన ఊళ్ళో నిన్ను ప్రేమగా చూసుకుంటారని చెప్పి తీసుకెళ్తాడు. నా పెళ్ళి మాటలప్పుడు మధ్యవర్తి చెప్పింది అచ్చం ఇదే: "మీలాంటివాళ్ళకి వేరే గ్రూపులున్నాయి బాబూ, అందులో పెడితే టెన్షన్ ఉండదు." అతని ఉద్దేశం చెడ్డదేం కాదు. అలాంటి గ్రూపులోనే సంబంధం కుదిరి హాయిగా ఉన్న స్నేహితుడు నాకున్నాడు. అయినా నా వివరాలు పంపబుద్ధి కాలేదు.

ఇదంతా ఊహాలోకం అనుకునేవాళ్ళకి ఒక సంగతి. చూడ్డానికి బాగోని శరీరంతో వీధుల్లో నలుగురికీ కనబడటం నేరమని చికాగో నగరం 1881లో చట్టం చేసింది. 1974 వరకూ దాన్ని రద్దు చెయ్యలేదు. అంటే ఈ ఎపిసోడ్ ప్రసారమైన రోజున అమెరికాలోనే ఆ చట్టం పుస్తకాల్లో ఉంది. మనం నవ్వక్కర్లేదు. కుష్ఠువ్యాధిని విడాకులకు కారణంగా చూపే వీలు మన పెళ్ళి చట్టాల్లోంచి పోయింది 2019లో. మందులతో పూర్తిగా నయమయ్యే జబ్బని అప్పటికి ఎన్నో ఏళ్ళుగా తెలుసు.

కథ మీద నాకో కోపం కూడా ఉంది. కట్ల కింద అందమైన నటి ముఖం పెట్టారు కాబట్టి మనకి జాలి సులువుగా పుట్టింది. అక్కడ నిజంగానే మచ్చలున్న ముఖమో, కాలిన ముఖమో ఉంటే? ఆ కథ రాయడం కష్టం, సెర్లింగ్ అటు వెళ్ళలేదు.

పోయిన మాఘంలో తమ్ముడి పెళ్ళి. ఎవర్నీ అడక్కుండా సాంబారు బకెట్ తీసుకుని మూడు బంతులూ వడ్డించాను. పెద్దమ్మ మొదటి బంతిలోనే కూర్చుంది. సాంబారు వేయించుకుంది. రెండోసారి మాత్రం అడగలేదు.