పెండింగ్ ఆర్డర్ల గురించి అమ్మలుకి

అమ్మలూ,

మెయింటెనెన్స్ ప్లానర్‌గా చేరావట, పెండింగ్‌లో ఉన్న 140 మెషిన్ల రిపేరు ఆర్డర్లూ ఒక్క నెలలో క్లియర్ చేస్తానని మేనేజరుకి మాటిచ్చావట. మీ నాన్న ఫోన్‌లో చెబితే రెండుసార్లు అడిగి మరీ చెప్పించుకున్నాను. మనింట్లో నా తర్వాత, ఈ ఆర్డర్లన్నీ నడిపే శాప్ సాఫ్ట్‌వేర్ ముందు కూర్చున్నది నువ్వే. కానీ ఆ 'ఒక్క నెల' అన్న మాటకి నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

స్పేర్లు స్టోర్స్‌లో ఉన్నాయో లేదో చూశాకే ఆర్డర్ రిలీజ్ చెయ్యి. ఫ్యాక్టరీ క్యాలెండర్‌లో సంక్రాంతి సెలవులు ఎక్కించారో లేదో చూడు. ఇవి ట్రైనింగ్‌లో చెప్పే ఉంటారు.

నా భయమంతా వర్క్ సెంటర్ గురించి, అదే, ఒక జట్టుకి రోజుకి ఎన్ని పనిగంటలున్నాయో శాప్‌లో పెట్టే చోటు. మా మెకానికల్ వర్క్ సెంటర్‌లో నలుగురు ఫిట్టర్లు. మనిషికి 8 గంటలు, యుటిలైజేషన్, అంటే అందులో నిజంగా పనికి దొరికే వంతు, 100 శాతం అని పెట్టింది నేనే. రోజుకి 32 గంటలు తేలాయి. పెండింగ్ తగ్గించాలన్న పట్టుదల నాకూ ఉండేది కదా, నెలాఖరున ఒకరోజు ఆ 32 గంటలూ నింపేసి, పైన ఇంకో మూడు ఆర్డర్లు పెట్టాను. శాప్ ఏమీ అనలేదు. అది తేదీలు లెక్క కడుతుంది గానీ, అంత పనికి మనుషులు చాలరని ఆపదు. ఉన్న గంటలెన్నో, నెత్తిన పెట్టిన పనెంతో చూపించే కెపాసిటీ లోడ్ తెరిచి చూస్తే ఎర్రగా కనబడేది. నేను తెరవలేదు.

పర్మిట్ సంతకం కోసం నిలబడాలి, బేరింగ్ కోసం స్టోర్స్ దాకా నడవాలి. 8 గంటల షిఫ్టులో చేతిలో స్పానర్ ఉండేది ఐదు గంటలే. నాకు మాట రాకూడదని మా సీనియర్ ఫిట్టర్ రెండో షిఫ్టూ ఉండిపోయాడు. రాత్రి పదిన్నరకి మోటార్ కింద ఎత్తు సరిచేసే పల్చటి రేకు, షిమ్, పెడుతుంటే, లేపి పట్టిన గడ్డపార జారింది. రెండు వేళ్ళు నలిగిపోయాయి.

మర్నాడు వర్క్‌షాప్ బెంచీ మీద అతని క్యారియర్ అలాగే ఉంది. మూత తీస్తే పెరుగన్నం పులిసిపోయి ఉంది. ఆ ఆర్డర్‌కి పని అయిపోయిందని టెకో కొట్టిందీ నేనే. కన్ఫర్మేషన్‌లో అసలు పట్టిన గంటల దగ్గర నాలుగు అని ఉంది, నేను ప్లాన్‌లో వేసిన అంకే. అతను పదహారు గంటలుగా ప్లాంటులో ఉన్నాడని అందులో ఎక్కడా లేదు.

పిచ్చిదానా, నిన్నెవరు నెల అనమన్నారు? ముందు ఆ 140 ఒక్కొక్కటీ తెరువు. ఒకే పనికి రెండుసార్లు వేసినవి, పని ఎప్పుడో అయిపోయినా మూయనివి తప్పకుండా ఉంటాయి. మిగిలినవాటికి ఎంతసేపు పడుతుందో ఫిట్టర్లనే అడుగు, వయసులో పెద్దవాళ్ళు, గౌరవంగా అడుగు. యుటిలైజేషన్ 65 దగ్గర పెట్టి లెక్క వెయ్యి. మూడు నెలలు వస్తే మూడు నెలలే అని మేనేజరుకి చెప్పు. తిడితే పడు. ఏడుపొస్తే నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే.

రేపు డ్యూటీకి వెళ్ళగానే మీ వర్క్ సెంటర్‌లో ఆ యుటిలైజేషన్ అంకె ఎంతుందో చూసి చెప్పు. ఫోన్ దగ్గరే ఉంటాను.

నీ పెదనాన్న