సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని ఫోన్ చేసిన మేనకోడలికి

నల్లకుంట, హైదరాబాద్

చిరంజీవి చిన్నికి మామయ్య దీవెనలు.

ఫోన్లో నువ్వు చెప్పిందంతా రాసుకున్నాను. రసీదు ప్రింటర్‌తో వచ్చిన సీ లైబ్రరీని పైథాన్ నుంచి సీటైప్స్‌తో, అంటే సీ ఫంక్షన్లని పిలవడానికి పైథాన్‌తోనే వచ్చే మాడ్యూల్‌తో, పిలుస్తున్నావు. మాదాపూర్‌లో నీ లాప్‌టాప్ మీద బాగానే నడుస్తోంది. బేగంబజార్ కొట్లో పెట్టిన లినక్స్ మెషీన్ మీద మాత్రం ‘సెగ్మెంటేషన్ ఫాల్ట్’ అని ఒక్క ముక్క అనేసి చచ్చిపోతోంది. ఎర్రర్లు పట్టుకునే ట్రై, ఎక్సెప్ట్ పెట్టినా దొరకడం లేదన్నావు. దొరకదమ్మా. అది పైథాన్ ఎర్రర్ కాదు, ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాసెస్‌నే చంపేసింది. ఇక ఎక్సెప్ట్ నడపడానికి పైథాన్ ఎక్కడుంది? పరేషాన్ కాకు గానీ, కోడ్‌లో అక్కడో ముక్క ఇక్కడో ముక్క మార్చి చూడడం మాత్రం ఆపెయ్.

ముందు హెడర్ ఫైల్ తెరువు, లైబ్రరీలో ఏ ఫంక్షన్ ఏం తీసుకుంటుందో, ఏం తిరిగిస్తుందో రాసి ఉండేది అందులోనే. నువ్వు దాన్ని చదవలేదని నాకు గట్టి అనుమానం. సీటైప్స్ కూడా చదవదు. 2006లో పైథాన్ 2.5తో వచ్చినప్పటి నుంచీ దాని తీరు అంతే: నువ్వేం చెబితే అది నమ్ముతుంది, చెప్పకపోతే ప్రతి ఫంక్షనూ సీ ఇంట్‌నే (పూర్ణసంఖ్యనే) తిరిగిస్తుందని అనుకుంటుంది. కావాలంటే సీ గణితం లైబ్రరీలోని స్క్వేర్‌రూట్ ఫంక్షన్‌కి 2ని డబుల్‌గా (దశాంశ సంఖ్యగా) ఇచ్చి, రెస్‌టైప్, అంటే తిరిగొచ్చేది ఏ రకమో, చెప్పకుండా పిలిచి చూడు. 1.414 రావాల్సిన చోట ఏదో పిచ్చి అంకె వస్తుంది. ఎర్రర్ మాత్రం రాదు.

ఇప్పుడు నీ ప్రింటర్ సంగతి. ప్రింటర్‌ని తెరిచే ఫంక్షన్ ఒక హ్యాండిల్ ఇస్తుందన్నావు, అంటే పాయింటరే, ఒక మెమరీ చిరునామా. 64 బిట్ల మెషీన్‌లో పాయింటర్‌కి 8 బైట్లు, ఇంట్‌కి 4. రెస్‌టైప్ చెప్పకపోతే పై 4 బైట్లు పోతాయి, ఉత్తరం మీద పిన్‌కోడ్ మొదటి మూడంకెలు చెరిగిపోయినట్టు. ఆ మెమరీ చిరునామా చిన్న అంకె అయితే మిగిలిన 4 బైట్లలోనే ఇమిడిపోతుంది, పని జరిగిపోతుంది. పెద్దదైతే చస్తుంది. ఒక మెషీన్‌లో నడిచి ఇంకోదాంట్లో చచ్చే రోగాల్లో నేను మొదట అనుమానించేది దీన్నే.

ఇక్కడ చాలామంది సగం మందు వేసి వదిలేస్తారు. రెస్‌టైప్‌ని వాయిడ్ పాయింటర్ (ఏ రకమో చెప్పని పాయింటర్) అని పెడతారు, హ్యాండిల్ నిండుగా వస్తుంది. కానీ అది పైథాన్ చేతికి మామూలు అంకెగానే వస్తుంది. దాన్ని ప్రింట్ ఫంక్షన్‌కి ఇచ్చేటప్పుడు ఆర్గ్‌టైప్స్, అంటే పంపేవి ఏ రకాలో, రాయకపోతే మళ్ళీ ఇంట్‌గానే వెళ్తుంది, మళ్ళీ తెగుతుంది. అందుకని వాడే ప్రతి ఫంక్షన్‌కీ రెండూ రాయి, ఫైల్ మొదట్లోనే, ఒక్క పిలుపు కూడా వెళ్ళకముందే. విసుగు పనే. తప్పదు.

రసీదు మీద ఒక్క ఇంగ్లిష్ అక్షరమే పడి ఆగిపోతోందని కూడా అన్నావు కదా. ఆర్గ్‌టైప్స్ లేకుండా పైథాన్ స్ట్రింగ్‌ని నేరుగా ఇచ్చి ఉంటావు. సీటైప్స్ దాన్ని వైడ్ అక్షరాలుగా పంపుతుంది. లినక్స్‌లో ఒక్కో అక్షరానికి 4 బైట్లు. సీకి సున్నా బైట్ అంటే స్ట్రింగ్ ముగిసినట్టు. మొదటి అక్షరం తర్వాతి బైటే సున్నా కాబట్టి అక్కడితో సరిపెట్టుకుంటుంది. ఎన్‌కోడ్ చేసి బైట్లుగా పంపు.

తెలుగు పేర్లకి ఇంకో గుంట ఉంది, దీన్ని జాగ్రత్తగా చూడు. ‘కందిపప్పు’ పొడవెంత అని పైథాన్‌ని అడిగితే 9 అంటుంది. అది లెక్కపెట్టేది కోడ్‌పాయింట్లని, అంటే అక్షరం, గుణింతం, పొల్లు విడివిడిగా. యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో తెలుగు కోడ్‌పాయింట్ ఒక్కోటి 3 బైట్లు, అంటే 27. చివరి సున్నాతో కలిపి 28. లైబ్రరీ లైన్ రాసిపెట్టడానికి నువ్వు 20 బైట్ల బఫర్ (కేటాయించిన మెమరీ చోటు) ఇచ్చావనుకో, ఇంగ్లిష్‌లో ‘తూర్ దాల్’ అని రాసుకున్నంత కాలం ఏ గొడవా ఉండదు. కందిపప్పు రాగానే పక్కవాళ్ల మెమరీ మీద రాసేస్తుంది. అదీ అప్పటికప్పుడు చావదు. ఎప్పుడో, ఇంకేదో మెమరీ అడిగినప్పుడు చస్తుంది. నువ్వు ఆ చచ్చిన లైన్ పట్టుకుని కూచుంటావు. పొడవు బైట్లలో లెక్కపెట్టి బఫర్ ఇవ్వు.

ఏ లైన్‌లో చచ్చిందో తెలియాలంటే పైథాన్‌లోని ఫాల్ట్‌హ్యాండ్లర్ మాడ్యూల్ ఆన్ చేసి నడుపు, చివరి పైథాన్ లైన్ చూపిస్తుంది. సీ వైపు తెలియాలంటే జీడీబీ అనే డీబగ్గర్. వీటికంటే నాకు నచ్చిన పద్ధతి ఒకటుంది: అవే పిలుపులు అదే వరసలో చేసే చిన్న సీ ప్రోగ్రామ్ రాసి, ఆ కొట్టు మెషీన్ మీదే నడుపు. అదీ చస్తే లైబ్రరీవాళ్లని నిలదీయొచ్చు. బాగా నడిస్తే తప్పు ఎక్కువగా మన వైపు ఉన్నట్టే.

కాగితం అయిపోతే కబురు చెప్పే కాల్‌బ్యాక్, అంటే లైబ్రరీ తిరిగి పిలిచే నీ పైథాన్ ఫంక్షన్, ఇచ్చావు కదా, ఆ ఆబ్జెక్ట్‌ని ఒక వేరియబుల్‌లో దాచుకున్నావా? పిలిచే చోటే తయారుచేసి ఇచ్చేస్తే, ఆ పిలుపు ముగియగానే పైథాన్ దాన్ని పారేస్తుంది. లైబ్రరీకి ఆ సంగతి తెలియదు. పొద్దున్నుంచీ రసీదులు కొట్టి, సాయంత్రం రోల్ అయిపోయాక అప్పుడు పడిపోతుంది.

విండోస్ కొట్ల గురించి రెండే మాటలు. అక్కడ సీలో లాంగ్ అనే పూర్ణసంఖ్య రకం 4 బైట్లు, 64 బిట్ల లినక్స్‌లో 8. స్ట్రక్చర్‌లో లాంగ్ ఉంటే సైజాఫ్‌తో దాని సైజు సీ వైపూ పైథాన్ వైపూ అచ్చువేసి పోల్చు. ఫైల్ కళ్ళెదుటే ఉన్నా ‘మాడ్యూల్ దొరకలేదు’ అని ఎర్రర్ వస్తే, దొరకనిది చాలాసార్లు ఆ డీఎల్‌ఎల్ (విండోస్ లైబ్రరీ ఫైల్) ఆధారపడిన ఇంకో డీఎల్‌ఎల్. పైథాన్ 3.8 నుంచి వాటిని పాత్‌లో (విండోస్ వెతికే ఫోల్డర్ల జాబితాలో) వెతకదు, ఫోల్డర్‌ని యాడ్ డీఎల్‌ఎల్ డైరెక్టరీ ఫంక్షన్‌తో చెప్పాలి. లినక్స్‌లో ఇలాంటి లోటు ఎల్‌డీడీ కమాండ్ చూపిస్తుంది.

లైబ్రరీ ఇచ్చే స్ట్రింగ్‌ని ఎవరు ఫ్రీ చెయ్యాలో, అంటే దాని మెమరీ ఎవరు వదిలెయ్యాలో, లైబ్రరీవాళ్లకి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా అడుగు. హెడర్ ఫైల్ ఈ రాత్రికే నాకు పంపు. ఆదివారం పొద్దున వస్తే కూచుని ఆర్గ్‌టైప్స్ అన్నీ రాసేద్దాం. అత్తయ్య పెసరట్లు వేస్తానంది. చార్జర్ తెచ్చుకో, నా దగ్గరున్నది నీ లాప్‌టాప్‌కి పట్టదు.

మామయ్య